గాజు లెన్సు లేని మైక్రోస్కోప్

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అనగానే "ఆఁ, బాగా పవర్‌ఫుల్ లెన్సు పెట్టి ఉంటార్లే" అంటారు చాలామంది. ఈ మాట వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

పళ్లెంలో నువ్వులు పోసి, మీ కళ్లకి గంతలు కట్టి, రోకలి కొసతో తడిమి గింజలు లెక్కపెట్టమంటే పెట్టగలరా? రోకలి ఒకేసారి పాతిక గింజల మీద పడుతుంది. వెలుతురు అలాంటి రోకలే. దాని తరంగం పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు (మిల్లీమీటర్‌ని పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక నానోమీటర్), అందుకే రెండు చుక్కల మధ్య దూరం ఓ 200 నానోమీటర్ల కంటే తగ్గితే మామూలు మైక్రోస్కోప్‌లో అవి కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా రోకలి రోకలే, మనకి కావాల్సింది సూది.

ఆ సూదే ఎలక్ట్రాన్. కానీ గాజు లెన్సుతో దాన్ని వంచలేం. కరెంటు పారే తీగచుట్ట ఎలక్ట్రాన్లకి లెన్సులా పనిచేస్తుందని 1926లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బుష్ లెక్కకట్టి చూపించాడు. బెర్లిన్ టెక్నికల్ కాలేజీలో మాక్స్ నోల్ దగ్గర పనిచేస్తున్న ఎర్న్‌స్ట్ రుస్కా, 24 ఏళ్ల కుర్రాడు, 1931లో అలాంటి చుట్టలు రెండు వరసగా పెట్టి, గాలి తీసేసిన గొట్టంలో బొమ్మ రప్పించాడు. ఎన్ని రెట్లు పెద్దదనుకున్నారు? దాదాపు 17! పిల్లలు ఆడుకునే మైక్రోస్కోప్ అంతకంటే నయం. నాకైతే ఆ 17 అంటేనే ముచ్చట.

తమాషా ఏంటంటే, తన చేతిలో ఉన్నది సూది అని రుస్కాకే తెలీదు. ఎలక్ట్రాన్ ఒట్టి కణం, దీనికి తరంగం గొడవే ఉండదనుకున్నాడు. కణాలకీ తరంగం ఉంటుందనే డి బ్రోలీ సిద్ధాంతం చెవిన పడగానే, ఇక్కడ కూడా తరంగమేనా అని నీరుగారిపోయాడు. తీరా లెక్కేస్తే అది వెలుతురు తరంగం కంటే దాదాపు లక్ష రెట్లు చిన్నది. 1933లో కట్టిన రెండో యంత్రం 12,000 రెట్ల దాకా వెళ్లి మామూలు మైక్రోస్కోప్‌ని దాటేసింది. కాకపోతే ఇది కాలిన సూది, దూది పోగు పెడితే మాడి బొగ్గయ్యేది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. డాక్టరైన తమ్ముడు హెల్ముట్ అన్నకి అండగా నిలిచాడు, 1939లో సీమెన్స్ దీన్ని అమ్మకానికి తెచ్చింది, వైరస్‌లు కంటికి కనిపించాయి. నోబెల్ మాత్రం 1986లో, అంటే 55 ఏళ్లకి! నోల్ 1969లోనే పోయాడు పాపం. ఆ బహుమతిలో సగమే రుస్కాది, మిగతా సగం ఇంకో రకం మైక్రోస్కోప్ కట్టిన బినిగ్, రోరర్‌లది. వాళ్ల మైక్రోస్కోప్‌లో ఉండేది నా పోలికలోని సూది కాదు, నిజం సూది మొనే. అది వచ్చే వీడియోలో.