మిర్యాలగూడ వంటింట్లో లిపిడీమా భోజనం

అందరికీ నమస్కారం. నార్వే నుంచి సెలవులకు వచ్చి ప్రస్తుతం మిర్యాలగూడలో మా అక్క ఇంట్లో ఉన్నాను. అక్కకు లిపిడీమా, అంటే కాళ్లలో కొవ్వు అసాధారణంగా పేరుకుపోయే జబ్బు, ఉంది కనుక, ఈ జబ్బుకు మన ఇళ్లలో ఏం వండుకోవచ్చో ఇక్కడి నుంచే చెబుతాను.

కాళ్లు లావుగా కనిపిస్తే మన జిల్లాల్లో ముందుగా బోదకాలు అనుకుంటారు. బోదకాలులో వాపు సాధారణంగా పాదం మీదికి కూడా వస్తుంది. లిపిడీమాలో మాత్రం రెండు కాళ్లూ ఒకే తీరుగా లావెక్కి, ఆ లావు చీలమండ దగ్గరే ఆగిపోతుంది, పాదం మామూలుగానే ఉంటుంది. నొక్కితే నొప్పి, చిన్న దెబ్బకే కమిలిన మచ్చ. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు అలెన్, హైన్స్ 1940లోనే దీన్ని వర్ణించారు. అయినా ఈనాటికీ ఎందరో ఆడవాళ్లు "తిండి తగ్గించుకో" అనే మాటే వింటున్నారు, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే తిండి తగ్గిస్తే నడుము సన్నబడుతుందేమో గాని, కాళ్లలోని ఈ కొవ్వు అంత తేలికగా కరగదు.

మరి పథ్యం ఎందుకంటే, నొప్పి కోసం. నార్వేలో స్థూలకాయంతో పాటు లిపిడీమా ఉన్న 70 మంది మహిళలపై జరిగి, 2024లో వెలువడిన ఒక పరిశోధనలో రెండు వర్గాలకూ 8 వారాల పాటు రోజుకు 1200 కిలో కేలరీల ఆహారమే ఇచ్చారు. అయితే పిండి పదార్థాలను రోజుకు 75 గ్రాములకు పరిమితం చేసిన వర్గంలో నొప్పి ఎక్కువగా తగ్గింది. జబ్బును నయం చేసే ఆహారం మాత్రం ఇంతవరకు లేదు.

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే, రైస్ మిల్లుల ఊరు మాది. "బువ్వ తినకుంటే తిన్నట్టే అనిపియ్యది చెల్లె" అని అక్క అన్నప్పుడు నేను వాదించలేదు. అన్నం మానేసి జొన్న రొట్టెలు తింటే సరిపోతుందని చాలామంది నమ్ముతారు, కానీ 100 గ్రాముల జొన్నపిండిలో రమారమి 70 గ్రాములు పిండి పదార్థమే. ఒక్కోటి 40 గ్రాముల పిండితో చేసిన రొట్టెలు రెండు తింటేనే దాదాపు 55 గ్రాములు లోపలికి వెళ్తాయి. అందుకే అక్క వేడినీళ్లతో పిండి కలిపి, అరచేత్తో పలుచగా తట్టి, పూటకు ఒక్క రొట్టెతో ఆపుతుంది. పళ్లెంలో సగానికి పైగా సొరకాయ కూరో మెంతికూరో, పక్కన రెండు కోడిగుడ్లు లేదా నాటుకోడి కూర, బెల్లం వేయని పచ్చిపులుసు ఉంటాయి. ఆవకాయలో ఉప్పు ఎక్కువ కాబట్టి నాలుకకు రాసుకునేంతే.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. దావత్‌లలో అక్క మటన్ కూర, ఉల్లిగడ్డ, నిమ్మకాయ ముందు పెట్టించుకొని, బగారా అన్నం ఆఖరున గరిటెడు వడ్డించుకుంటుంది.