తెరచాపకు ఎన్ని బద్దలు?

శ్రోతలకు నమస్కారం.

మీ ఊళ్లో ఏదో ఒక జెండా కర్ర ఉండే ఉంటుంది. గుడి ముందుదో, పార్టీదో. కట్టి ఆర్నెల్లయిన జెండాను ఒకసారి పరీక్షగా చూడండి. కర్రకు కట్టిన వైపు గుడ్డ బాగానే ఉంటుంది, ఎగిరే కొస మాత్రం పోగులు పోగులుగా ఊడిపోయి ఉంటుంది. గాలి లాగి చించింది కాదది, టపటపా కొట్టుకుని కొట్టుకుని చిరిగింది. తెరచాప ఆయుష్షు కూడా చాలావరకు ఆ టపటపల్లోనే అరిగిపోతుంది.

మా మేనల్లుడు పోయినేడాది ఒక చిన్న తెరచాప పడవ కొన్నాడు. 22 అడుగుల ఫైబర్ పడవ. లోపల ఇద్దరు పడుకోవచ్చు, టీ కాచుకోవచ్చు. కాకినాడ నుంచి హోప్ ఐలాండ్ చాటుకు, గాలి బావుంటే దక్షిణంగా గౌతమి మొగ దాకా, అంటే ఆ గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్లి, రాత్రికి లంగరేసుకుని పొద్దున్నే తిరిగి రావాలని వాడి ముచ్చట. దాంతో వచ్చిన తెరచాప పాతబడి గోనెగుడ్డలా తయారైంది. కొత్తది కుట్టేవాళ్లు వీణ్ణి అడిగారట, బద్దలు సగం వరకా, మొత్తం పొడవునా అని. నాకు ఫోన్ చేశాడు. "మామయ్యా, మొత్తం అంటే మంచిదేగా?"

అంత తేలిగ్గా చెప్పలేం అబ్బాయ్ అన్నాను.

అసలు బద్ద ఎందుకో చూద్దాం. పడవ పెద్ద తెరచాప ముందంచు స్తంభానికి ఉంటుంది, కింది అంచు అడ్డకొయ్యకు. వెనకంచుకు పట్టుగొమ్మ లేదు. పైగా కాస్త గాలి ఎక్కువ దొరుకుతుందని ఆ అంచును విల్లులా బయటికి ఉబ్బించి కోస్తారు. ఉబ్బిన ముక్క దానంతటది నిలబడదు, వాలిపోతుంది. అందుకని గుడ్డకు సన్నటి గొట్టాల్లా జేబులు కుట్టి, వాటిలోకి ఫైబర్ గ్లాసు బద్దలు దూరుస్తారు. గాలిపటానికి పుల్ల ఎందుకో, ఇదీ అందుకే. మామూలుగా వెనకంచు దగ్గర నాలుగు పొట్టి బద్దలుంటాయి. మొత్తం బద్దల తెరచాపలో అవి వెనకంచు నుంచి స్తంభం దాకా అడ్డంగా సాగుతాయి.

ఇదేం కొత్త సంగతి కాదు. చైనా ఓడలవాళ్లు వందల ఏళ్ల కిందటే వెదురు బద్దలతో ఈ పని చేశారు. చాలా ఓడలకు గుడ్డ కూడా కాదు, అల్లిన చాపే. మన తెరచాప అన్న మాటలోనూ చాప ఉంది కదా! 1960లో ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్‌కు ఒంటరిగా అట్లాంటిక్ దాటే పందెం జరిగింది. బ్లాండీ హాస్లర్ అనే ఆయన 25 అడుగుల 'జెస్టర్' పడవకు ఈ చైనా రకం తెరచాప కట్టి, 48 రోజుల్లో చేరి, రెండో స్థానంలో నిలిచాడు. మొదట వచ్చిన ఫ్రాన్సిస్ చిచెస్టర్‌కు 40 రోజులు పట్టింది, కాకపోతే ఆయన పడవ చాలా పెద్దది. నాకు నచ్చింది ఆ రెండో స్థానం కాదు. తెరచాప కుదించాలన్నా దించాలన్నా హాస్లర్ డెక్కు మీదికి పాకనక్కర్లేదు, ఉన్నచోటి నుంచే తాడు వదిలితే చాలు.

మన దగ్గర కావలసిందీ అదే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఆకు కదలదు, సాయంత్రం పడమట మబ్బు పట్టి ఈదురుగాలి ఒక్క ఊపున దిగుతుంది. మొగ దగ్గర ఇసుక మేటలు, ఎదురుగా సముద్రపు కెరటం. అప్పుడు తెరచాప ఎంత వేగంగా లాగుతుందని కాదు, ఎంత త్వరగా కిందికి వస్తుందని అడగాలి. మొత్తం బద్దలున్న తెరచాప ఇక్కడ మేలు చేస్తుంది. గుడ్డ చెల్లాచెదురుగా కళ్ల మీద పడదు, మడత మీద మడతగా అడ్డకొయ్య మీద కూర్చుంటుంది. ఇరుపక్కలా సన్నతాళ్లు, లేజీ జాక్స్ అంటారు, కట్టుకుంటే ఇంకా కుదురు. గాలి చచ్చిపోయి కెరటం మాత్రం ఊపుతున్నప్పుడు కూడా అంత చప్పుడు చెయ్యదు. రాత్రి నిద్ర పట్టాలంటే అదొక్కటీ చాలు.

మరి ఇబ్బంది ఎక్కడ? స్తంభం దగ్గర. పొడుగాటి బద్ద గాలికి వంగినప్పుడు దాని ముందు కొస స్తంభాన్ని బలంగా తోస్తుంది. తెరచాప ముందంచును స్తంభానికి పట్టి ఉంచే బిళ్లలు అక్కడి గాడిలో జారాలి, ఆ తోపుకు అవి బిగుసుకుపోతాయి. మెల్లగా ఎక్కుతుందనుకోండి, ఓర్చుకోవచ్చు. దిగనని మొరాయిస్తే? ఏ సుఖం కోసం డబ్బు పోశామో అదే పోయింది. పెద్ద పడవలకు దీనికి విరుగుడు గుండ్ల బేరింగులున్న చిన్న బండ్లు, వాటి ఖరీదు మళ్లీ వేరే. చిన్న పడవకు అంత అక్కర్లేదు. గాడి శుభ్రంగా ఉంచి, సిలికాన్ కొట్టి, బద్ద కొసకు మంచి తొడుగు వేయిస్తే సరిపోతుంది. గాడి మాత్రం వంకర ఉండకూడదు.

ఇంకొకటి నాకు బొత్తిగా గిట్టదు. ఈ తెరచాప అబద్ధం చెబుతుంది. మామూలు గుడ్డయితే గాలికి మరీ ఎదురెక్కినప్పుడు స్తంభం పక్కన రెపరెపలాడి, తప్పు చేస్తున్నావని చెబుతుంది. బద్దలున్నది పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కదలకుండా ఉంటుంది. పడవ నెమ్మదించాక గానీ మనకు తెలియదు. వెనకంచున రిబ్బన్లు కుట్టించుకుని వాటిని చూస్తుండాలి. రేవుకు వచ్చేటప్పుడు తాడు వదిలేసినా ఒక్కోసారి లాగుతూనే ఉంటుంది. పొద్దున్నే పల్చటి గాలిలో, గాలి తెరచాపకు అవతలి వైపు నుంచి తగిలేలా పడవను తిప్పినప్పుడు, బద్దలు గట్టివైతే పాత వైపే వంగి ఉండిపోతాయి, అడ్డకొయ్యను పట్టుకుని ఓసారి కుదపాలి. అందుకే ముందు కొసన పల్చగా, వెనక్కు వచ్చేకొద్దీ మందంగా ఉండే బద్దలు అడగాలి. జేబులో వాటిని మరీ బిగించకూడదు, ముడతలు పోతే చాలు.

వెనక గాలిలో పోతుంటే బద్దల జేబులు స్తంభాన్ని పట్టే తీగలకు రాసుకుని చిరుగుతాయి, అక్కడ అతుకు ముందే వేయించాలి.

ఇవన్నీ విని మేనల్లుడు విసుక్కున్నాడు. "అయితే వద్దంటావా, వేయించమంటావా?" రెండూ అన్నాను. పై రెండు బద్దలు మొత్తం, కింది రెండు పొట్టివి. ఎక్కువ కొట్టుకునేది పైభాగం, అక్కడ మొత్తం బద్ద వేసినా పొడవు తక్కువ, తోపూ తక్కువే. కింద గుడ్డ వదులుగా ఉంటే తాడు సడలించి గరిటెలా లోతు చేసుకోవచ్చు, పొద్దుటి పల్చగాలికి అది కావాలి. స్తంభం పక్కన రెపరెప కూడా కంటికి కనిపిస్తుంది. ఏడాదంతా లోతు సముద్రంలో తిరిగేవాళ్లకయితే నా సలహా వేరేగా ఉండేది. మన మొగల దగ్గర ఆదివారాలు తిరిగేవాడికి ఇది చాలు.

మొన్న తెరచాప వచ్చింది. గుడ్డ మడిచి సంచిలో పెట్టి ఇచ్చారు, బద్దలు మడవలేం కదా. నిలువెత్తు బద్దల్ని కట్టగా చుట్టి కాకినాడ బస్సెక్కాడు. కండక్టరు గారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటి బాబూ ఇవి, దోమతెర కర్రలా?" అన్నారట. "తెరకేనండీ," అన్నాడట వీడు. ఆయన లగేజీ టికెట్టు కొట్టి ముందుకెళ్లిపోయారు.