ఐడ్లింగ్ స్క్రూ తిప్పే ముందు

(నల్లగొండలో మోటార్ మెకానిక్ పని నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నమస్కారం.

రేపు మీరు మిర్యాలగూడలోనో, దేవరకొండలోనో, జడ్చర్లలోనో ఏదో ఒక షెడ్డులో చేరతారు. అక్కడ మీ ముందుకొచ్చేవన్నీ షోరూమ్ బండ్లు కావు. మారుతి 800 మొదటిసారి రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అయినా మన పల్లెల్లో ఆ బండి ఇంకా కిరాణా సామాను మోస్తోంది, చేనుకు ఎరువు బస్తాలు తీసుకెళ్తోంది. దాని ఓనర్‌కు రెండో బండి ఉండదు. ఆయన వచ్చి చెప్పే మాట ఒకటే ఉంటుంది: "స్లో చేస్తే ఆగిపోతోంది అన్నా. పంతంగి టోల్ గేటు దగ్గర లైన్లో రెండుసార్లు ఆఫ్ అయింది, వెనకోళ్ళు ఒకటే హారన్లు."

ఈ మాట వినగానే మన చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. ఐడ్లింగ్ స్క్రూ (కాలు తీసినప్పుడు ఇంజిన్ ఎంత వేగంతో తిరగాలో సరిచేసేది) కాస్త బిగిస్తే ఇంజిన్ ఆగదు, ఓనర్ సంతోషంగా వెళ్ళిపోతాడు. కానీ జబ్బు లోపలే ఉంటుంది. పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, యాక్సిలరేటర్ వదిలినా బండి ముందుకు తోసుకుపోతుంది. ఆ అలవాటు మీకు అంటకూడదని చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు అడగండి. ఎప్పుడు ఆగుతోంది? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేసినప్పుడా? బ్రేక్ తొక్కినప్పుడా? ఆగాక వెంటనే స్టార్ట్ అవుతోందా, అరగంట చల్లారాకే అవుతోందా? ఓనర్ చెప్పే ఈ నాలుగు ముక్కల్లోనే సగం రిపేరు ఉంటుంది. బ్రేక్ తొక్కినప్పుడే ఇంజిన్ పడిపోతుంటే బ్రేక్ బూస్టర్ (బ్రేక్ తొక్కుడు తేలిక చేసే డబ్బా) లోపలి డయాఫ్రమ్ అనే రబ్బరు పొర చిరిగి గాలి లాగుతోందేమో చూడాలి. వేడెక్కాక చటుక్కున ఆగి, చల్లారితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంటే అనుమానం ప్లగ్గులకు కరెంట్ పంపే కాయిల్ మీదికీ, ఎంపీఎఫ్ఐ బండి (కంప్యూటర్ లెక్కతో ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే బండి) అయితే ఇంజిన్ తిరుగుడు గమనించే క్యామ్ లేదా క్రాంక్ సెన్సర్ మీదికీ పోవాలి. కాసేపు నడిచి మెల్లగా బలం తగ్గి ఆగుతుంటే పెట్రోల్ ట్యాంక్ మూత తీసి చూడండి. తీయగానే గాలి 'హుస్స్' మని లోపలికి పోతే మూత గాలి రంధ్రమో, ట్యాంక్ వెంట్ పైపో మూసుకుపోయినట్టు.

తరువాత వినండి. మారుతి 800లోని 796 సీసీ ఇంజిన్‌కు ఉన్నవి మూడే సిలిండర్లు. మూడు రాళ్ళ పొయ్యిలో ఒక రాయి కదిలితే కుండ నిలవదు కదా, ఈ ఇంజిన్‌లో ఒక సిలిండర్ మిస్సింగ్ కొడితే, అంటే అందులో పెట్రోల్ సరిగా మండకపోతే, అంతే. స్టీరింగ్ నుంచి సీటు దాకా బండి మొత్తం ఊగుతుంది. ఏ సిలిండరో తేల్చడానికి కార్బొరేటర్ (కంప్యూటర్ లేకుండా గాలిలో పెట్రోల్ కలిపే పాత పరికరం) బండిలో ఒక్కొక్క ప్లగ్ వైరూ తీసి చూస్తారు. ఏది తీస్తే ఇంజిన్ చప్పుడులో తేడా రాదో దోషం అక్కడే. రబ్బరు గ్లౌజు లేకుండా ఆ వైరు పట్టుకోకండి. ఎంపీఎఫ్ఐ బండిలో ప్లగ్ వైరు తీయొద్దు. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పడి దాన్ని పాడుచేస్తుంది. అక్కడ ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడాలి.

ప్లగ్గు తీశాక దాని మొహం చూడకుండా పక్కన పడేయకండి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ వస్తోంది. తెల్లగా మాడినట్టుంటే గాలి ఎక్కువైంది. జిడ్డుగా తడిగా ఉంటే లోపలికి ఆయిల్ వస్తోంది.

గాలి సంగతి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఒక పాత కార్బొరేటర్ 800 నా దగ్గరికి వచ్చింది. అంతకుముందు చూపించిన చోట కార్బొరేటరే మార్చేశారు, ఓనర్ అప్పు చేసి డబ్బు కట్టాడు. బండి మాత్రం ఎప్పటిలాగే ఆగుతోంది. ఎయిర్ క్లీనర్ డబ్బా తీసి, సిలిండర్లకు గాలి వెళ్ళే మానిఫోల్డ్ చుట్టూ వేలితో తడిమితే, వెనక వైపు ఒక చిన్న గొట్టానికి తొడిగిన రబ్బరు టోపీ తగిలింది. పైనుంచి చూస్తే బాగానే ఉంది. కింద వైపు ఎండలకు బిగుసుకుపోయి గోరు పట్టేంత చీలింది. వేలు అడ్డం పెట్టగానే ఇంజిన్ చప్పుడు కుదుటపడింది. ఆ టోపీ ఖరీదు ఓనర్ తాగే రెండు టీల డబ్బు కూడా కాదు. ఆయన మొహం చూస్తుంటే నాకు కోపమూ బాధా రెండూ వచ్చాయి.

కార్బొరేటర్ బండిలో ఇలాంటి చీలిక ఉంటే మిశ్రమం పలచబడి ఇంజిన్ ఆగుతుంది. ఎంపీఎఫ్ఐలో తీరు వేరు. చాలా చిన్న కార్లలో మ్యాప్ సెన్సర్ మానిఫోల్డ్ ఒత్తిడిని చూసి పెట్రోల్ కలిపిస్తుంది కాబట్టి, లీకు ఉంటే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెరుగుతుంది, లేదా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఎంపీఎఫ్ఐ బండి స్లోలో ఆగిపోతుంటే ముందు చూడాల్సింది గాలిని లోపలికి వదిలే త్రాటిల్ బాడీ, స్లోలో ఆ గాలిని సర్దే ఐడిల్ కంట్రోల్ వాల్వ్. వాటిలో కార్బన్ పేరుకుని గాలి దారి ఇరుకవుతుంది. క్లీనర్ కొట్టి మెత్తటి గుడ్డతో తుడవండి. కానీ త్రాటిల్ ఆపే స్క్రూకు కంపెనీ రంగు సీలు ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. అది కదిలితే త్రాటిల్ సెన్సర్ లెక్క తప్పుతుంది, ఆ తర్వాత ఎన్ని పార్టులు మార్చినా దారికి రాదు.

లీకు వెతకడానికి కొందరు వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చల్లుతారు. దయచేసి ఆ పని చేయకండి. మానిఫోల్డ్ గాలిని ఎంత గట్టిగా లాగుతోందో చూపే వాక్యూమ్ గేజ్ ఒకటి కొనుక్కోండి. ఇంజిన్ బాగుంటే స్లోలో ముల్లు సుమారు 17 నుంచి 20 పాదరసం అంగుళాల మధ్య కదలకుండా నిలబడుతుంది. మహబూబ్‌నగర్ మన కంటే ఎత్తు కాబట్టి అక్కడ కొంచెం తక్కువ చూపినా కంగారు పడొద్దు. ముల్లు ఒక లయలో కొట్టుకుంటుంటే వాల్వుల వైపు చూడాలి. గ్యాస్ కిట్ మీద చాలాకాలం తిరిగిన బండ్లలో వాల్వులు బిగుసుకుని, రేస్ ఇస్తే బాగుండి, స్లోలో కంప్రెషన్ చాలక ఆగడం మామూలే. టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచేస్తే చాలాసార్లు సరిపోతుంది.

కార్బొరేటర్ బండి రేస్ మీద బాగా నడిచి, కాలు తీయగానే ఆగిపోతే స్లోలో పెట్రోల్ ఇచ్చే స్లో జెట్ మూసుకుపోయి ఉంటుంది, లేదా ఆ దారిని కరెంట్‌తో తెరిచే సోలనాయిడ్ పనిచేయడం లేదు. తాళం తిప్పగానే కార్బొరేటర్ దగ్గర చెవి పెడితే సోలనాయిడ్ 'టక్' మనాలి. అనకపోతే ముందు దానికి కరెంట్ వస్తోందో లేదో చూడండి.

మన నీళ్ళ గురించి కూడా చెప్పాలి. ఈ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ళు మనుషుల ఎముకలను ఎంత బాధపెట్టాయో మీ ఇళ్ళల్లోనే చూసుంటారు. బోరు నీళ్ళల్లో ఉప్పు కూడా ఎక్కువే. అవే రేడియేటర్‌లో పోస్తే లోపల సుద్ద పేరుకుంటుంది. టెంపరేచర్ సెన్సర్‌కు ఆ పొర పట్టినా, నీళ్ళు తగ్గి సెన్సర్ బయటపడినా లెక్క తప్పుతుంది. ఎండాకాలం కదా అని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్) తీసి పారేసేవాళ్ళు మన వైపు చాలామంది. అది చాలా తప్పు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, కంప్యూటర్ చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి. కూలెంట్ పోయించండి, థర్మోస్టాట్ పాడైతే కొత్తది వేయండి.

ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత బండ్ల రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు దానికోసం చేసినవి కావు, తడిమి చూసి మెత్తబడినవి మార్చండి. ఇథనాల్ తేమను లాగుతుంది. నెలల తరబడి నిలిపిన బండి ట్యాంకులోంచి కొంచెం పెట్రోల్ గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ ట్యాంకు ఖాళీ చేయాల్సిందే.

పని అయ్యాక తాళం వెంటనే ఇచ్చేయకండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కనివ్వండి. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక లైట్లు వేయండి, ఏసీ వేయండి, బ్రేక్ తొక్కి పట్టండి. బ్యాటరీ తీసి పెట్టిన ఎంపీఎఫ్ఐ బండి అయితే ఐడ్లింగ్ మళ్ళీ నేర్చుకోవడానికి దానికి కొంత సమయమివ్వండి. సుమారు 850, 900 ఆర్‌పీఎం మీద అన్ని లోడ్లతో నిలబడిందనుకున్నాకే ఓనర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని క్లాక్ టవర్ ట్రాఫిక్‌లో ఒక చుట్టు తిప్పి తీసుకురండి. బిల్లు ఆ తర్వాత రాయొచ్చు.