“జతపరిచిన సర్క్యులర్ చూడగలరు” అంటే మెసేజ్ పంపనట్టే!

వాయుగుండం రాత్రి, పదకొండున్నర. స్కూలు నుంచి మెసేజ్. తెరిస్తే ఏముంది? “జతపరిచిన సర్క్యులర్ చూడగలరు.” అంతే! సెలవుందా లేదా చెప్పు నాయనా అంటే, అది పీడీఎఫ్‌లో ఉందట! “సర్క్యులర్ పంపాంగా” అని స్కూలు, “సెలవో కాదో చెప్పలేదేం” అని పేరెంట్స్, గ్రూపుల్లో యుద్ధాలే! నా మాట ఒక్కటే: కబురంతా ఫైల్లో పెట్టి పంపారంటే, అసలు పంపనట్టే లెక్క.

స్కూల్లో మెసేజ్‌లు పంపే అడ్మిన్ గారు అటాచ్ నొక్కుతారు. కింద టిక్కులు: ఎస్సెమ్మెస్, వాయిస్ కాల్, ఈమెయిల్. మూడింట్లోనూ ఫైలు వెళ్ళిపోయిందని నిద్రపోతారు. వెళ్ళదండీ! ఒక ఎస్సెమ్మెస్ మోసేదే 140 బైట్లు, అందులో ఫైలెక్కడ దూరుతుంది? కొన్ని సిస్టమ్‌లు ఫైలు బదులు లింకు పెడతాయి, కొన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తాయి. వాయిస్ కాల్ ఇంకా ఘోరం. మిషన్ గొంతు “సర్క్యులర్ చూడగలరు” అని చదివేసి పెట్టేస్తుంది. ఎక్కడ చూడాలి, రిసీవర్ చిల్లుల్లోనా?

పోనీ లింకు పెడదామా? 2024 అక్టోబర్ 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలుంది. ముందే వైట్‌లిస్ట్ చేయించని, అంటే అనుమతి జాబితాలో ఎక్కించని లింకు ఉంటే, ఆ బల్క్ ఎస్సెమ్మెస్‌ని టెలికాం కంపెనీయే ఆపేస్తుంది. బల్క్ ఎస్సెమ్మెస్‌లు నమోదు చేసే డీఎల్‌టీ సిస్టమ్‌లో మెసేజ్ నమూనా (టెంప్లేట్) ఉంటే సరిపోదు, లింకూ నమోదై ఉండాలి. రాత్రికి రాత్రి గూగుల్ డ్రైవ్ లింకు అతికిస్తే గోవిందా! ఈమెయిల్లో ఆ లింకు దాటినా, షేరింగ్ మార్చడం మరిచిపోతే నొక్కిన ప్రతివాళ్ళకీ “రిక్వెస్ట్ యాక్సెస్”. తెల్లారేసరికి క్లర్కు ఇన్‌బాక్స్ నిండా పర్మిషన్ అర్జీలే.

ఈమెయిల్లో ఫైలే పెడితే? మెయిల్లో ఎక్కేటప్పుడు ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి. 8 ఎంబీ రంగుల స్కాను 10.6 ఎంబీ దాటుతుంది. 4,000 మందికి పంపితే 42 జీబీ. ఒక్క సెలవు కబురుకి!

మరి ఎందుకు జతచేస్తారు? నా థియరీ వినండి. ఆ ఫైలు మన కోసం కాదు, వాళ్ళ కోసం. గుండ్రటి స్టాంపు, ఆకుపచ్చ ఇంకు సంతకం, రేపు ఎవరైనా నిలదీస్తే “మేం పంపాం, మీరే చూసుకోలేదు” అనడానికి. 2023లో ప్రభుత్వం పంపిన టెస్ట్ అలర్ట్ అంటూ ఫోన్లన్నీ కీచుమన్నాయి, గుర్తుందా? దానికేమైనా పీడీఎఫ్ తగిలించారా?

“వాన వల్ల రేపు స్కూలుకి సెలవు.” ఖాళీలతో కలిపి, చుక్క కాకుండా 28 క్యారెక్టర్లు. తెలుగు ఎస్సెమ్మెస్‌కి 70 దాకా చోటుంది. కాకపోతే గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి, “శ్రీ” ఒక్కటే 4 తింటుంది. 70 దాటిందా, ముక్కకి 67 చొప్పున రెండు ఎస్సెమ్మెస్‌ల బిల్లు.

సర్క్యులర్ పెట్టి తీరాలా? వానాకాలానికి ముందే ఒకటే పేజీ అడ్రసు వైట్‌లిస్ట్ చేయించుకోండి, అడ్రసు మార్చకుండా లోపలి ఫైలు మాత్రం మార్చండి. స్కాను స్పష్టత 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు), నలుపు తెలుపు చాలు. ఫైలు పేరు స్కాన్0047 కాదు బాబూ, తేదీ వేయండి. చివరగా, ఆఫీసు అకౌంటు లేని ఫోన్‌లో, వైఫై ఆపేసి లింకు నొక్కండి. పాస్‌వర్డ్ అడిగిందా? సెండ్ మీద నుంచి వేలు తీయండి.