రెపో రేటు మన గడప దాకా వచ్చేసరికి

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం, నవంబరు 2025)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, జీతం ఏ నెలది ఏ నెలలో వస్తుందో తెలియకపోయినా రోజూ వేళకు తలుపులు తీసే మన గ్రంథపాలకురాలికి, ఎదుట కూర్చున్న మీ అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారు నన్ను ఆర్థికవేత్త అని పరిచయం చేశారు. అంత మాట వద్దండీ. బ్యాంకులో రుణాల సీటులో కూర్చుని రిటైరైనవాణ్ణి. శాలువా వద్దని కార్యదర్శి గారికి ముందే చెప్పాను, అయినా కప్పారు. ఆ డబ్బుతో పోటీ పరీక్షల పుస్తకం ఒకటి కొంటే, అదిగో ఆ కిటికీ దగ్గర నిలబడి వింటున్న పిల్లలకు పనికొచ్చేది. సరే, ఇల్లు చేరాక ఈ శాలువాను మా ఆవిడ మిగతావాటి మీద సర్దుతుంది.

నాకు ఇచ్చిన అంశం ‘మారుతున్న ఆర్థిక పరిస్థితులు, రిజర్వు బ్యాంకు ద్రవ్య విధానం’. ఇచ్చిన సమయం అరగంట. అందులో ఇప్పటికే కొంత శాలువాకు పోయింది.

పరీక్షలు రాసేవారి కోసం ముందు నాలుగు ముక్కలు. బ్యాంకులకు కొద్ది రోజులకు డబ్బు అవసరమైతే ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి రిజర్వు బ్యాంకు దగ్గర అప్పు తెచ్చుకుంటాయి. ఆ అప్పు మీది వడ్డీ రెపో రేటు. అది పెరిగితే బ్యాంకులు మనకిచ్చే అప్పూ ప్రియమవుతుంది, కొనుగోళ్లు తగ్గి ధరలు నెమ్మదిస్తాయి; తగ్గితే అప్పు చౌకవుతుంది. దాన్ని నిర్ణయించేది ఆరుగురున్న ద్రవ్య విధాన కమిటీ. ముగ్గురు రిజర్వు బ్యాంకు వారు, ముగ్గురు కేంద్ర ప్రభుత్వం నియమించిన బయటివారు. ఓట్లు చెరిసగమైతే రిజర్వు బ్యాంకు గవర్నరు రెండో ఓటు వేస్తారు. 2016 అక్టోబరుకు ముందు ఈ కమిటీ లేదు, గవర్నరుదే తుది మాట. ఇప్పుడు చట్టం ప్రకారం ప్రభుత్వం వీరికి ఒక లక్ష్యం కూడా పెట్టింది: చిల్లర ధరల ద్రవ్యోల్బణం, అంటే కిందటి ఏడాదితో పోలిస్తే ధరలు పెరిగిన శాతం, 4 దగ్గర ఉండాలి, అటు 6 దాటకూడదు, ఇటు 2 కిందికి జారకూడదు. వరసగా మూడు త్రైమాసికాలు ఈ గీతల బయట ఉంటే, ఎందుకు విఫలమయ్యామో ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పుకోవాలి. 2022లో అదే జరిగింది. ఆ నవంబరు 3న ప్రత్యేకంగా సమావేశమై ఉత్తరం రాశారు. అందులో ఏం రాశారో మాత్రం మనకు చెప్పలేదు. ధరలు మోసింది మనం, సంజాయిషీ చదివింది ప్రభుత్వం!

ఇక పరిస్థితులు మారడమంటే ఏమిటో ఈ ఐదేళ్లలో మనమే చూశాం. 2020 మార్చి 27న, దేశమంతా ఇళ్లలో కూర్చున్న వేళ, రెపోను ఒక్కసారిగా ముప్పావు శాతం తగ్గించి 4.40కి తెచ్చారు. మే నెలలో 4 శాతం చేశారు. దుకాణాలు మూతపడి, కూలి దొరకని రోజులు. అప్పు చౌక చేయక తప్పదు. రెండేళ్లు అలాగే ఉంచారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌ మీద రష్యా యుద్ధం మొదలైంది. ఎక్కడి ఉక్రెయిన్, ఎక్కడి మనం అనుకున్నాం. కానీ మన పొద్దుతిరుగుడు నూనెలో అధిక భాగం అక్కడి నుంచే వచ్చేది. ఆ వేసవి ఆవకాయలకు ఎవరెవరు ఏ నూనె వాడారో గుర్తుందా? ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతం. మే 4న, ముందుగా ప్రకటించిన సమావేశం లేకుండానే, మధ్యాహ్నం గవర్నరు తెర మీదికి వచ్చి 0.40 శాతం పెంచామన్నారు. అక్కడి నుంచి జూన్, ఆగస్టు, సెప్టెంబరులో అరేసి శాతం, డిసెంబరులో 0.35, 2023 ఫిబ్రవరిలో పావు. తొమ్మిది నెలల్లో 4 కాస్తా ఆరున్నర.

అదే 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో రెండు వందల దరిదాపులకు వెళ్లింది. ఆ నెల ద్రవ్యోల్బణం 7.44. అయినా ఆగస్టులో రెపోను కదపలేదు. ఎందుకంటే ముంబయిలో రిజర్వు బ్యాంకు వడ్డీ పెంచితే మదనపల్లెలో టమాటా కాయదు. కొత్త పంట వస్తే ధర దానంతట అదే దిగుతుంది. వాళ్లు చూసేది ఆ మంట మిగతా వాటికి అంటుకుంటుందా, జీతాలూ కిరాయిలూ దానితోపాటు లేస్తాయా అని. ద్రవ్యోల్బణాన్ని లెక్కగట్టే అప్పటి మన ధరల సూచీలో టమాటా వాటా ఒక శాతం కూడా లేదు, మొత్తం తిండి వాటా మాత్రం 46 శాతం దగ్గర ఉండేది. ఈ రెండింటి మధ్య నిర్ణయం తీసుకోవాలి. ఇది తేలికైన పని కాదని ఒప్పుకుంటాను. నేను వాళ్లను తిట్టడానికి రాలేదు. తిట్టవలసినవారు వేరే ఉన్నారు, వస్తాను.

మొన్న 12న అక్టోబరు లెక్కలు వచ్చాయి. ద్రవ్యోల్బణం 0.25 శాతమట. నవ్వుతున్నారు. కూరగాయల సంచి మోసేవారు నవ్వకుండా ఉండలేరు. కానీ లెక్క తప్పు కాదు. కిందటి ఏడాది అక్టోబరులో 6.21 శాతం పెరిగిన ధరలు అక్కడే ఆగాయి, అంతే. కొన్ని తగ్గాయి కూడా. సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింపు తోడైంది. పెరగడం ఆగింది కానీ, పెరిగింది వెనక్కి రాలేదు. ఈ ఏడాది ఫిబ్రవరిలో పావు, ఏప్రిల్‌లో పావు, జూన్‌లో అర శాతం తగ్గించి రెపోను 5.50కి తెచ్చారు. జూన్‌లో ఆరుగురిలో ఒకరు పావు చాలన్నారు. ఎవరు ఎందుకు అలా అన్నారో 14వ రోజున వారి మాటల్లోనే ప్రచురిస్తారు. పిల్లలూ, కోచింగ్ నోట్సు పక్కన పెట్టి అవి చదవండి.  

ఇక్కడ రిజర్వు బ్యాంకు గవర్నర్లయిన మనవాళ్లను తలచుకోకుండా ముందుకు పోలేను. 1977లో కొద్ది నెలలు ఎం.నరసింహం గారు, 2003 నుంచి వై.వి.రెడ్డి గారు, ఆయన వెనకే 2008 నుంచి దువ్వూరి సుబ్బారావు గారు. వరసగా పదేళ్లు రిజర్వు బ్యాంకు తెలుగువారి చేతిలో ఉంది. ఊరూరా స్థలాల ధరలు ఎగబాకుతున్నప్పుడు రెడ్డి గారు రియల్ ఎస్టేటు రుణాలకు బ్యాంకులు ఎక్కువ మూలధనం పెట్టాలన్నారు. పీనాసి అన్నారు అప్పుడు. అమెరికాలో బ్యాంకులు కూలాక అదే పీనాసితనాన్ని ప్రపంచం మెచ్చుకుంది. సుబ్బారావు గారు 2008 సెప్టెంబరు 5న కుర్చీలో కూర్చున్నారు, 15న అమెరికా బ్యాంకు లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. అప్పుడు 9 శాతమున్న రెపోను ఏడు నెలల్లో 4.75కి దించిన మనిషే, 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా 13 సార్లు పెంచారు. 2012లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం గారికి ఒళ్లు మండి, వృద్ధి కోసం ఒంటరిగా నడవాల్సి వస్తే నడుస్తాం అన్నారు. పదవి దిగేముందు చివరి ఉపన్యాసంలో సుబ్బారావు గారు దానికి జవాబిచ్చారు: రిజర్వు బ్యాంకుతో విసిగి ఒంటరిగానైనా నడకకు వెళ్లాలనిపిస్తోంది, కానీ దేవుడి దయవల్ల రిజర్వు బ్యాంకంటూ ఒకటి ఉంది అని మంత్రిగారు ఏదో ఒకనాడు అంటారని ఆశిస్తున్నాను అని. ఏలూరులో పుట్టినవారికి ఆ మాత్రం చమత్కారం ఉండదా! ఇది ఇంకా చెప్పాలని ఉంది కానీ కార్యదర్శి గారు గడియారం చూసుకుంటున్నారు.

అసలు విషయానికి వస్తాను. ఈ మాట చెప్పుకోవడానికే పిలవగానే ఒప్పుకున్నాను.

మా వీధిలో ప్రభుత్వ బడిలో పనిచేసే పంతులమ్మ ఒకరు ఉన్నారు. వడ్డీలు అడుగంటిన రోజుల్లో ఇంటి కోసం 30 లక్షలు తీసుకున్నారు. ఏ బ్యాంకో చెప్పను, మీదీ అదే కావచ్చు. ఆరున్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు, 240 వాయిదాలు, నెలకు 22,367 రూపాయలు. 2023 వేసవిలో ఒక సాయంత్రం స్టేట్‌మెంటు పట్టుకుని వచ్చారు. “అన్నయ్యగారూ, నేను ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు కదా, ఇదేమిటో చూడండి” అన్నారు. ‘మిగిలిన వాయిదాలు’ అన్న గడిలో 480 అని ఉంది.

అచ్చు తప్పేమో అనుకుని కాగితం మీద లెక్క వేశాను. అసలు 29 లక్షలు మిగిలింది. వడ్డీ ఆరున్నర నుంచి 9కి చేరింది. 29 లక్షలకు నెల వడ్డీ 21,750. ఆవిడ కట్టే 22,367లో అది పోగా అసలుకు జమ అయ్యేది 617 రూపాయలు. ఆరు వందల పదిహేడు! అలా కడుతూ పోతే అక్షరాలా 480 నెలలు. నలభై ఏళ్లు. ఆవిడకు అప్పటికి 44. వెరసి 84వ ఏట ఇల్లు సొంతమవుతుంది.

శాఖకు వెళ్లి అడిగితే “సిస్టమ్ అలా మార్చింది మేడమ్, మెసేజ్ పంపాం” అన్నారట. ఫోను వెతికితే దొరికింది. ఇంగ్లిషులో రెండు ముక్కలు, మీ వడ్డీ రేటు సవరించబడింది అని. వాయిదాల సంఖ్య ఊసే లేదు. తర్వాత వాళ్లకే వయసు నిబంధన గుర్తొచ్చి, వాయిదాను ఒకేసారి 27 వేలు దాటించారు. ఎంత కట్టగలరని అప్పుడూ అడగలేదు, గడువు పెంచినప్పుడూ అడగలేదు.

నేను ఆ సీటులో కూర్చున్నవాణ్ణే కనుక చెబుతున్నాను. రెపో పెరిగినప్పుడు వడ్డీ ఎక్స్‌ప్రెస్ రైలులో వస్తుంది, తగ్గినప్పుడు ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ వస్తుంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త గృహ రుణాలను రెపో వంటి బయటి రేటుకు ముడిపెట్టాలన్నారు, మూడు నెలలకు ఒకసారైనా సవరించాలన్నారు. మంచిదే. కానీ అంతకు ముందు తీసుకున్నవారు ఎందరో ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నారు, మార్చుకోవచ్చని వారికి చెప్పిన పుణ్యాత్ములు తక్కువ. గృహ రుణ సంస్థల దగ్గర తీసుకున్నవారికి ఆ నియమమే వర్తించదు. పంతులమ్మ గారి వడ్డీ ఈ ఏడాది ఒక శాతం తగ్గి 8కి వచ్చింది. అదే శాఖలో ఇవాళ కొత్తగా వెళ్లినవారికి ఏడున్నర! క్రమం తప్పక కట్టిన పాత మనిషి కన్నా ముఖం తెలియని కొత్త మనిషి మీద నమ్మకం ఎక్కువన్నమాట. ఇది ఏ ద్రవ్య విధానంలో రాసి ఉందండీ? ముంబయిలో ఆరుగురు మూడు రోజులు కూర్చుని పావు శాతం మీద తర్జనభర్జన పడతారు. ఇక్కడ శాఖలో ఒక గడిలోని అంకె అర శాతాన్ని మింగేస్తుంది.

వెనక వరుసలో పెన్షనర్లు చాలామందే ఉన్నారు. మీలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీతో మందులు కొనుక్కునేవారు చేతులెత్తండి. చూశారా. మీ వడ్డీ తగ్గించడానికి ఏ బ్యాంకూ మూడు నెలలు ఆగలేదు. పెద్ద బ్యాంకుల్లో పొదుపు ఖాతా మీద ఇప్పుడు రెండున్నర శాతం. ద్రవ్య విధానం వేగంగా అందడం లేదని ఎవరన్నారు, మీకు వెంటనే అందింది.

ఇంకొకరు ఉన్నారు, వారు ఈ సభకు రాలేదు, పొలంలో ఉంటారు. పట్టా ఉన్న రైతుకు పంట రుణం 7 శాతానికి వస్తుంది, వేళకు కడితే 4 పడుతుంది. ఆ పొలాన్నే కౌలుకు చేసేవారిలో చాలామందికి బ్యాంకు గడప ఎక్కే కాగితం ఉండదు. నోటు రాసి నూటికి రెండు రూపాయలకు తెస్తారు. ఏడాదికి 24 శాతం. రెపో 4 ఉన్నప్పుడూ రెండు రూపాయలే, ఆరున్నర అయినప్పుడూ రెండు రూపాయలే, ఇప్పుడూ రెండే. ద్రవ్య విధాన సమీక్ష గురించి పేపరులో వచ్చే ఒక్క వాక్యం కూడా ఆయనకు సంబంధించింది కాదు. దీని మీద వేరే రోజు పిలిస్తే వస్తాను, శాలువా లేకుండా.

అయిపోవచ్చింది. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంతా అన్నది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలి. ఇంతవరకు ఎంత అసలు, ఎంత వడ్డీ పోయింది, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయి, వడ్డీ రేటెంత అన్నది మూడు నెలలకొకసారి మీకు అర్థమయ్యేలా ఇవ్వాలి. మీలో ఎందరికి అలాంటి కాగితం అందింది? అడగండి. నోటితో కాదు, రాసి ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారికి, అంటే అంబుడ్స్‌మన్‌కు, ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 14448కి ఫోను చేస్తే దారి చెబుతారు.

గ్రంథపాలకురాలిని ముందే అడిగి పెట్టుకున్నాను. ఈ ఆదివారం నుంచి ఉదయం పూట ఆ పత్రికల బల్ల దగ్గర కూర్చుంటాను. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు నా పక్కన కూర్చుంటే లెక్కలూ వస్తాయి, లోకమూ తెలుస్తుంది. ఇంటి రుణం ఉన్నవారు స్టేట్‌మెంటు తెచ్చుకోండి, రుణం మంజూరు చేసిన ఉత్తరం ఉంటే మరీ మంచిది. ఆధార్ నంబరూ ఓటీపీ నేను అడగను, అడిగినవారెవరికీ చెప్పకండి కూడా. కార్యదర్శి గారూ, ఇదిగో మైకు.