గడియారానికి అందని మొగ్గు

శ్రోతలందరికీ నమస్కారం.

పక్షపాతం అనగానే అబద్ధపు వార్తలే గుర్తుకొస్తాయి. ఒక్క అబద్ధమూ చెప్పకుండా ఒకరి వైపు మొగ్గడం ఎలాగో తెలియాలంటే 1959 నాటి షికాగో మేయరు ఎన్నికల సంగతి వినాలి.

లార్ డేలీ అని ఒకాయన ఉండేవాడు. ఎన్నికలు వస్తే చాలు, నామినేషన్ వేసేవాడు. పొడవాటి టోపీ పెట్టుకుని, అమెరికాకు గుర్తుగా బొమ్మల్లో గీసే అంకుల్ శామ్ వేషంలో ప్రచారం చేసేవాడు. అప్పటి మేయరు రిచర్డ్ డేలీ. పేర్లు ఒకేలా వినిపించినా ఇద్దరికీ చుట్టరికం లేదు. షికాగోకు వచ్చిన అర్జెంటీనా అధ్యక్షుడికి మేయరు స్వాగతం పలకడం టీవీ వార్తల్లో చూపించారు. మేయరు కూడా అభ్యర్థే కదా, మరి నాకూ సమయం ఇవ్వాలి కదా అని లార్ డేలీ, ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు.

చట్టం ఆయన వైపే ఉంది. ఒక అభ్యర్థికి సమయమిచ్చిన ప్రసార కేంద్రం మిగతా అభ్యర్థులకూ సమాన అవకాశం ఇవ్వాలని 1934 కమ్యూనికేషన్ల చట్టం 315వ సెక్షన్ చెబుతుంది. కమిషన్ దాన్ని ఉన్నదున్నట్టు చదివి, వార్తలకూ వర్తిస్తుందని తేల్చింది. ప్రసార సంస్థలు గగ్గోలు పెట్టాయి. ఇలాగైతే వార్తలు చదవడం మానుకోవాల్సిందేనన్నాయి. అదే ఏడాది అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టాన్ని సవరించి వార్తలకు, వార్తా ఇంటర్వ్యూలకు మినహాయింపు ఇచ్చింది. మరుసటి ఏడాది అధ్యక్ష అభ్యర్థులు కెనెడీ, నిక్సన్‌ల టీవీ చర్చల కోసం అధ్యక్ష ఎన్నికల వరకు ఆ సెక్షన్‌నే తాత్కాలికంగా పక్కన పెట్టింది. లేకుంటే చిన్నాచితకా పార్టీల అభ్యర్థులందరికీ అంతంత సమయం ఇవ్వాల్సి వచ్చేది.

లార్ డేలీని చూసి నవ్వుకోవడం తేలికే. కాని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం తేలికైనది కాదు. పదవిలో ఉన్నవాడు అతిథికి పూలగుత్తి ఇచ్చినా వార్తే. పదవి లేనివాడు రోజంతా గొంతు చించుకున్నా వార్త కాదు. ఎవరూ కుట్ర పన్నలేదు, ఎవరూ డబ్బు తీసుకోలేదు. అయినా తూకం ఒక పక్కకే ఒరిగింది. ఇలాంటి మొగ్గు అబద్ధం కన్నా మొండిది, ఎందుకంటే దీన్ని ఖండించడానికి తప్పు వాక్యమంటూ ఒక్కటీ దొరకదు.

అమెరికాలో దీనికి తోడు ఇంకో నియమం ఉండేది. ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనేవారు. 315వ సెక్షన్‌తో దీన్ని కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామంది, రెండూ వేరు. 1949లో కమిషన్ రూపొందించిన ఈ నియమం నిమిషాలు లెక్కపెట్టమనలేదు. ప్రజలకు సంబంధించిన వివాదాస్పద విషయాలను ప్రసారం చేయండి, చేసేటప్పుడు భిన్నాభిప్రాయాలకు చోటివ్వండి, అని రేడియో, టీవీ కేంద్రాలను అడిగింది. పెన్సిల్వేనియాలోని రెడ్ లయన్ రేడియో కేంద్రంలో తన మీద మాటల దాడి జరిగితే, ఉచితంగా సమాధానం చెప్పుకోనివ్వలేదని ఫ్రెడ్ కుక్ అనే రచయిత ఫిర్యాదు చేస్తే, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1969లో కోర్టు నియమాన్ని సమర్థించింది. ప్రసార సంస్థ హక్కు కన్నా వినేవాళ్ల, చూసేవాళ్ల హక్కే పైది అంది. రేడియోలో కూర్చుని చెబుతున్నందుకో ఏమో, ఆ మాట నాకు మహా ఇష్టం.

అదే కోర్టు 1974లో పత్రికల దగ్గరికి వచ్చేసరికి వేరే దారి పట్టింది. విమర్శకు గురైన అభ్యర్థి జవాబును పత్రిక అచ్చువేయాలన్న ఫ్లోరిడా చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. ఏం వేయాలో ఎడిటరే నిర్ణయించాలి కాని ప్రభుత్వం కాదని వాదన. ప్రసార తరంగాలు పరిమితం కాబట్టి రేడియోకు షరతులు పెట్టవచ్చు, పత్రికకు ఆ మాట వర్తించదు అన్నది తేడాకు చెప్పుకునే కారణం. అది నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. పోటీ పత్రిక పెట్టాలంటే ఎంత పెట్టుబడి కావాలో తెలిసినవారు ఎవరైనా నసుగుతారు.

అలాగని ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ మచ్చలేనిదని చెప్పను. ప్రభుత్వం చేతిలో ఉన్న నియమం ప్రభుత్వంలో ఉన్నవారికి అక్కరకొస్తుంది. 1960లలో డెమొక్రాట్లు తమకు గిట్టని రేడియో ప్రసంగీకులను ఇబ్బంది పెట్టడానికి దీన్ని వాడుకున్నారని తరవాత బయటపడింది. ఫిర్యాదుల భయంతో కొన్ని కేంద్రాలు వివాదాల జోలికే పోవడం మానేశాయన్నది ఇంకో ఆరోపణ. అంటే రెండు పక్షాలూ వినిపించాలన్న నియమం ఒక్కటీ వినిపించని పరిస్థితికి దారితీసిందన్నమాట. 1987లో దీన్ని చట్టంగా మార్చాలని కాంగ్రెస్ బిల్లు ఆమోదిస్తే అధ్యక్షుడు రీగన్ వీటో చేశారు. అదే ఏడాది కమిషన్ దాని అమలు మానేసింది. ఆ మరుసటి ఏడాది నుంచే రేడియో వ్యాఖ్యాత రష్ లింబా ఏకపక్ష రాజకీయ ప్రసంగాలు దేశమంతటా వినిపించసాగాయి.

ఆ నియమం మళ్లీ వస్తే అంతా చక్కబడుతుందని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది లైసెన్సు తీసుకున్న ప్రసార కేంద్రాలకు ఉద్దేశించినది. ఇవాళ ఎక్కువ తగువు నడిచేది కేబుల్ ఛానెళ్లలో, ఇంటర్నెట్లో.

315వ సెక్షన్ మాత్రం నేటికీ ఉంది. దాంతోపాటే మినహాయింపులూ పెరిగాయి. హాస్యగాడు నడిపే ఒక రాత్రి కార్యక్రమంలో అభ్యర్థి కూర్చుని మాట్లాడితే, అది కూడా వార్తా ఇంటర్వ్యూ కిందికే వస్తుందని 2006లో కమిషన్ అంది. ఏ అభ్యర్థి ఎంత ప్రకటన సమయం కొన్నాడో, ఎంత చెల్లించాడో కేంద్రాలు రికార్డు పెట్టాలి. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. వార్తల్లో ఎవరికెంత చోటు దక్కిందో రాసిపెట్టమని మాత్రం అక్కడ ఏ చట్టమూ అడగడం లేదు.

సెలవు, నమస్కారం.