క్వెంకాలో రిటైర్మెంట్: ఏ కాగితం ముందు, ఏది చివర?

నమస్కారమండీ. అమెరికాలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఈక్వడార్ వెళ్దామా అని ఆలోచిస్తున్న తెలుగు దంపతుల కోసం ఈ వీడియో. మనం మాట్లాడుకునే ఊరు క్వెంకా. ఆండీస్ కొండల్లో దాదాపు 2,560 మీటర్ల ఎత్తున ఉంటుంది. పగలు ఇరవై డిగ్రీల అటూ ఇటూ, రాత్రి పదీ పన్నెండు, ఏడాదంతా ఇంచుమించు అంతే. 2000 నుంచి ఆ దేశంలో నడిచేది డాలరే కాబట్టి మారకం బెడద లేదు.

ఊరు నచ్చడానికి ఎంతోసేపు పట్టదు. వీసా కాగితాల దగ్గరే పని ఆగిపోతుంది.

ముందు ఆదాయం సంగతి. పెన్షనర్ వీసాను అక్కడ ‘హుబిలాదో’ అంటారు. మీకు నెలనెలా వచ్చే పెన్షన్ ఆ దేశపు కనీస వేతనానికి మూడు రెట్లు ఉండాలి. 2025లో కనీస వేతనం 470 డాలర్లు, అంటే ఆ ఏడాది 1,410 చూపించాల్సి వచ్చింది. జీవిత భాగస్వామిని డిపెండెంట్‌గా చూపిస్తే ఇంకో 250. ఆ వేతనం జనవరిలో మారుతుంది. మీ పెన్షన్ సరిగ్గా అంచు మీద ఉంటే డిసెంబరు దాటనివ్వకండి. 401కేలో, అంటే ఉద్యోగంలో ఉండగా దాచుకున్న రిటైర్మెంట్ ఖాతాలో ఉన్న సొమ్ము పెన్షన్ కింద లెక్కకు రాదు. అమెరికా ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌లా జీవితాంతం వచ్చేదే కావాలి.

ఇక కాగితాలు. అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాల్సింది మ్యారేజ్ సర్టిఫికెట్. డెబ్బైల్లో, ఎనభైల్లో మన ఊళ్లలో పెళ్లయిన ఎన్నో జంటల దగ్గర శుభలేఖ, ఆల్బమ్ తప్ప రిజిస్ట్రేషన్ ఉండదు. అలాంటివాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడైనా రిజిస్టర్ చేయించుకోవాలి. ఆపైన రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర, అంటే కాగితం అసలుదేనని వేరే దేశం ఒప్పుకునే ధ్రువీకరణ. ఇండియాకి వెళ్లినప్పుడే ఈ పని పెట్టుకోండి. పేర్లు మాత్రం జాగ్రత్తండీ! సర్టిఫికెట్‌లో ఆవిడ పుట్టింటి పేరు ఒక్క అక్షరంగా ఉండి, అమెరికన్ పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న వస్తుంది. రిజిస్ట్రేషన్ రోజునే పాస్‌పోర్టు స్పెల్లింగ్ చూసి రాయించండి. తర్వాత దిద్దించుకోవడం పెద్ద తంతు.

మీ మీద నేరాలేవీ లేవని చూపే ఎఫ్‌బీఐ రికార్డు చివర తీయించండి. దానికి 180 రోజుల గడువు ఉంటుంది. ఉత్సాహంగా ముందే తెప్పించుకుంటే, పెళ్లి సర్టిఫికెట్ చేతికొచ్చేలోపు ఇది మురిగిపోతుంది. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. దీన్ని అపోస్టిల్ కోసం మీ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి పంపకూడదు, తిప్పి పంపేస్తారు. ఇది ఫెడరల్ కాగితం కాబట్టి వాషింగ్టన్‌లోని స్టేట్ డిపార్ట్‌మెంట్‌కే వెళ్లాలి, డీఎస్-4194 ఫారంతో. పోస్టులో వారాలు పడుతుంది, ఆ వారాలు కూడా 180లోంచే పోతాయి. మీ పెన్షన్ ఎంతో చూపే సోషల్ సెక్యూరిటీ లెటర్‌దీ ఇదే దారి, రెండూ కలిపి పంపండి. అన్నిటికీ స్పానిష్ అనువాదం కావాలి.

వీసా మొదట రెండేళ్లకిస్తారు. 21 నెలలు నిండాక పర్మనెంట్‌కి అప్లై చేయొచ్చు.

అమెరికాలో పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ అక్కడ పనిచేయదు. అలాగని అందులో డాక్టరు ఖర్చులకి ఉండే పార్ట్ బీ వదిలేసే ముందు ఆలోచించండి. తిరిగొచ్చి మళ్లీ చేరితే, కవరేజీ లేని ప్రతి పన్నెండు నెలలకీ ప్రీమియం పది శాతం చొప్పున పెరుగుతుంది, అదీ జీవితాంతం.

ఇల్లు చూసేటప్పుడు కరెంటు సంగతి అడగండి. ఆ దేశానికి జలవిద్యుత్తే ఆధారం. 2024 కరవులో రోజుకి పద్నాలుగు గంటల దాకా కోత పెట్టారు. పై అంతస్తు ఫ్లాటైతే లిఫ్టూ, నీళ్ల మోటారూ రెండూ ఆగుతాయి. జనరేటర్ ఉన్న బిల్డింగే తీసుకోండి.

వంటింట్లోనూ తేడా తెలుస్తుంది. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 91 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు విడి గిన్నెలో మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది, కుక్కర్ ఉంటే మేలు. అందులోనూ ఇంకో రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వాలి. ఇళ్లలో హీటింగ్ ఉండదు కాబట్టి ఇడ్లీ పిండి రాత్రికి పొంగదు. లైటు వేసిన ఓవెన్‌లో పెట్టండి. కరెంటు అమెరికాలాగే 120 వోల్టులు. అమెరికాలో కొన్న గ్రైండర్ పనిచేస్తుంది, ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ పనిచేయదు.

వేడినీళ్లకి ‘కలెఫోన్’ అనే గ్యాస్ గీజరు వాడతారు. అది బాత్రూంలో గానీ, మూసి ఉన్న గదిలో గానీ బిగించి ఉంటే ఆ ఇల్లు వద్దు. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. గాలి ఆడే బాల్కనీలోనో పెరట్లోనో ఉందని కళ్లారా చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.